ఊమూ సంగారే పాటలు మీ దాకా ఎలా వచ్చాయి? (చర్చ)

పాటల పెట్టె:
రెండు నెలల కిందట నైట్ షిఫ్టులో ఉండగా మాలి దేశపు గాయని ఊమూ సంగారే పాట ఒకటి తగిలింది. బంబారా భాష, ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తెల్లారేదాకా అదే విన్నాను. ఆమె పాడేది బలవంతపు పెళ్లిళ్ల మీద, బహుభార్యత్వం మీద అని తరవాత తెలిసింది. కాలు ఆడించే పాటలో ఇంత బాధ ఉందా అని మళ్లీ వింటే, పాట వేరేగా వినిపించింది. ఇక్కడ ఆమెను వినేవాళ్లు ఉన్నారా? ఆ మాటల వెనక సంగతులు తెలిస్తే చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా.

సీన్ ఒడ్డున:
నేను పారిస్ పక్కన మోంత్రెయ్‌లో ఉంటాను. ఇక్కడ మాలి వాళ్లు చాలామంది. మా పై అంతస్తు పెద్దావిడ ఆదివారం వంట చేస్తూ ఊమూ పాటలు పెడుతుంది, మెట్ల దాకా వినిపిస్తాయి. ఆవిడ దగ్గరే నేను ఒక్కో పాటా అర్థం తెలుసుకున్నాను.

ఊమూ 1968లో మాలి రాజధాని బమాకోలో పుట్టింది. అమ్మానాన్నలది దక్షిణాన ఉన్న వాసులూ ప్రాంతం. ఆమెకు రెండేళ్లప్పుడు తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని వీళ్లను వదిలి వెళ్లిపోయాడు. తల్లి పెళ్లిళ్లలో, బారసాలల్లో పాడి పిల్లల్ని సాకింది. ఊమూ కూడా చిన్నప్పుడే వీధిలో నీళ్ల ప్యాకెట్లు అమ్మింది, తల్లి పక్కన నిలబడి పాడింది. 21 ఏళ్లకు పక్క దేశం ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ వెళ్లి మొదటి క్యాసెట్ ‘ముసోలూ’ రికార్డు చేసింది. ముసోలూ అంటే ‘స్త్రీలు’. పశ్చిమ ఆఫ్రికాలో రెండున్నర లక్షల కాపీలు పోయిందని చెబుతారు.

ఆ క్యాసెట్ వచ్చినప్పుడు మా పై అంతస్తు ఆవిడ బమాకోలో కొత్త కోడలు. ఇంట్లో మగవాళ్లు లేనప్పుడు అందరం కలిసి వినేవాళ్లం అంది. ఆ ‘అందరం’ ఎవరని అడిగితే ఆవిడ వాడిన ఫ్రెంచ్ మాటకు నేను తోడికోడళ్లు అనుకున్నాను. కాదు, సవతులు. సవతులు ముగ్గురూ ఒకే టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని ఆ పాటలు విన్నారు. ఈ ఒక్క సంగతీ నన్ను చాలా రోజులు వదల్లేదు.

తీగల మేస్త్రీ:
నేను గిటార్ వాయిస్తాను, కాబట్టి వాయిద్యం గురించి చెబుతా. ఆ పాటల్లో టకటకమని తెగుతున్నట్టు వినిపించే తీగల శబ్దం ‘కమెలె ఎన్‌గోనీ’ది. పెద్ద సొరకాయ బుర్రకు తోలు బిగించి, కర్ర పెట్టి, తీగలు కడతారు. దాని పెద్దన్న ‘దొన్సో ఎన్‌గోనీ’. అది వేటగాళ్లది, వాళ్ల తంతుల్లో వాయించే పవిత్రమైన వాయిద్యం. దాన్ని వాసులూ కుర్రాళ్లు చిన్నది చేసి డాన్సుకు వాడటం మొదలుపెట్టారు. పెద్దలకు నచ్చలేదు. కమెలె ఎన్‌గోనీ అంటేనే ‘కుర్రాళ్ల ఎన్‌గోనీ’. ఐదు స్వరాల మీదే నడుస్తుంది. మన ఔడవ రాగాలకు అలవాటుపడిన చెవికి అందుకే అంత పరాయిగా అనిపించదేమో.

ఇంకో ముఖ్యమైన సంగతి. మాలిలో పాడటం చాలావరకు జెలీల కులవృత్తి. మన భట్రాజుల్లాగా పెద్దింటి వాళ్ల వంశాన్ని పొగిడి కానుకలు తీసుకుంటారు. వాసులూ గాయనులు ఆ కులం వాళ్లు కారు. వాళ్లను ‘కోనో’ అంటారు, అంటే పిట్ట. ఎవర్నీ పొగడాల్సిన పని లేదు కాబట్టి అనుకున్నది పాడగలరు. ఊమూకి ఆ ధైర్యం ఉత్తినే రాలేదని నా అభిప్రాయం. ఆ సంగీతంలోనే దానికి చోటుంది.

శ్రీకాకుళం అక్క:
1996లో వచ్చిన ఆల్బమ్ ‘వొరొతాన్’ వినండి. ఆ మాటకు అర్థం పది కోలా గింజలు (అక్కడ వక్కల్లా నమిలే గింజలు). అక్కడ సంబంధం కుదిరితే పెళ్లికొడుకు తరఫు వాళ్లు కోలా గింజలు ఇస్తారు. ఆ పది గింజలకే ఆడపిల్ల ఆ ఇంటికి బానిస అయిపోతోందని అదే పేరున్న పాట.

మా తాతమ్మకు ఓలి ఇచ్చి పెళ్లి చేసుకున్నారు. ఓలి అంటే కట్నానికి తిరగేసిన పద్ధతి, మగపెళ్లివారే డబ్బిచ్చేవారు. ఆ రోజులే నయం అని ఇంట్లో చాలాసార్లు విన్నాను. కానీ తాతమ్మ రెండుసార్లు పుట్టింటికి వచ్చేస్తే రెండుసార్లూ తిరిగి పంపేశారు, ఓలి డబ్బు వెనక్కి కట్టే శక్తి లేక. ఇచ్చేది ఏ వైపు వాళ్లయినా బేరం పిల్ల మీదే. ‘వొరొతాన్’ అర్థం తెలిశాకే నాకు తాతమ్మ మౌనం అర్థమైంది.

చట్టం విద్యార్థి:
పాటలు నాకూ ఇష్టమే, కానీ ఒక బాధ. 2009లో మాలి పార్లమెంటు కొత్త కుటుంబ చట్టాన్ని ఆమోదించింది. భార్య భర్తకు విధేయురాలై ఉండాలన్న పాత మాట అందులో తీసేశారు. మతపెద్దల పిలుపు మీద వేలమంది బమాకో స్టేడియంలో చేరి నిరసన తెలిపారు. అధ్యక్షుడు దాన్ని వెనక్కి పంపాడు. 2011లో వచ్చిన చట్టంలో ఆ మాట మళ్లీ చేరింది, ఆడపిల్లల పెళ్లి వయసు 16 అయింది. ఈ చట్టం ఆఫ్రికా దేశాల మహిళల హక్కుల ఒప్పందానికి విరుద్ధమని 2018లో ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు తీర్పు చెప్పింది. ‘ముసోలూ’ వచ్చిన ఇరవై ఏళ్ల తరవాత కూడా ఇదీ పరిస్థితి.

సీన్ ఒడ్డున:
మీరన్నది నిజం. నేను పై అంతస్తు ఆవిణ్ని ఇదే అడిగాను. చట్టం గురించి ఏమీ అనలేదు. ‘మా అమ్మాయికి రెండో భార్యగా సంబంధం వస్తే నేను వద్దన్నాను. మా అమ్మ నాకు ఆ మాట అనలేకపోయింది’ అంది. అంతే, మళ్లీ కూర కలుపుకుంది.

తీగల మేస్త్రీ:
మొదలుపెట్టేవాళ్లకు: ‘ముసోలూ’లో ‘జరాబీ నెనే’. ప్రేమలో పడ్డ అమ్మాయి ఒళ్లు జలదరించడం గురించి ఒక ఆడమనిషి బాహాటంగా పాడటం అప్పట్లో పెద్ద గొడవ. 2019లో అమెరికా గాయని బియాన్సే ఒక పాటలో ఈ గొంతునే వాడుకుంది. దాని తరవాత ‘వొరొతాన్’, ఆపైన 2017 నాటి ‘మొగోయా’.

పాటల పెట్టె:
అక్కా, మీ పోస్టు చదివి మా అమ్మకు ఫోన్ చేశాను. మా నాయనమ్మకూ ఓలి ఇచ్చారట, నాకు ఇన్నాళ్లూ తెలీదు. వడ్లు దంచేటప్పుడు ఆవిడ పాడే పాటలో అత్తింటి మీద నాలుగు చరణాలు ఉండేవని, మామగారు వాకిట్లోకి వస్తే ఆ నాలుగూ వదిలేసి పాడేదని చెప్పింది. అమ్మకు రెండు గుర్తున్నాయి. ఆదివారం ఊరికి వెళ్తున్నాను, రికార్డు చేసి ఇక్కడ పెడతాను.