ఫ్రెంచి "కాచ్"ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: 1960ల నాటి ఫ్రెంచి టెలివిజన్ "కాచ్" కుస్తీ పోటీకి, అందులోనూ భారీకాయుల పోటీకి, తెలుగు ఉపశీర్షికలు రాయాలి. వ్యాఖ్యాత నోట మాటిమాటికీ వచ్చేవి ఇవి: పువా లూర్, తోంబే, మాంష్, మాంషెత్, బెల్. కాచ్‌ని మల్లయుద్ధం అనవచ్చా? తోంబే వచ్చినప్పుడల్లా "చిత్తు చేశాడు" అంటే సరిపోతుందా?

జవాబు: మల్లయుద్ధం వద్దండి. ఆ మాట వినగానే భీముడూ జరాసంధుడూ కళ్ళముందుకొస్తారు, ప్రాణం పోయేదాకా సాగే పోరు అది. ఉత్త కుస్తీ అన్నా చాలదు. ఫ్రెంచివాళ్ళే రెండు మాటలు వేరుగా ఉంచుకున్నారు. ఒలింపిక్స్‌లో ఉండేది "లుత్", టికెట్టు కొన్న జనం ముందు మంచివాడూ చెడ్డవాడూ వేషాలతో సాగేది "కాచ్". 1924 పారిస్ ఒలింపిక్స్‌లో గ్రీకో-రోమన్ హెవీవెయిట్ స్వర్ణం గెలిచిన ఆంరి దెగ్లాన్ లుత్ నుంచి వచ్చినవాడు. 1930లలో రగ్బీ ఆటగాడు రవుల్ పవోలీతో పాటు ఫ్రాన్సులో కాచ్‌కి పునాది వేసినవాళ్ళలో ఆయనా ఒకడు. గ్రీకో-రోమన్‌లో నడుము కింద పట్టకూడదు. కాచ్‌లో ఆ కట్టడి లేదు. పేరులోనే ఉంది: ఇంగ్లీషు "క్యాచ్ యాజ్ క్యాచ్ కెన్"ని కత్తిరించి మొదటి మాట ఉంచుకున్నారు. చిక్కినచోట పట్టు అని అర్థం.

మరో జవాబు: అలాగైతే తెలుగులో మాట చేతిలోనే ఉందిగా. మనం కుస్తీ "పడతాం", దెబ్బలకన్నా ముందు "పట్లు" నేర్పుతాం. ఫ్రెంచి "ప్రీజ్"కి పట్టు అచ్చంగా సరిపోతుంది. కానీ ఆటకి పేరుగా పట్టు అంటే పంతం అనే అర్థం అడ్డొస్తుంది. మొదటిసారి "ఫ్రెంచి కాచ్ కుస్తీ" అని రాసి, తర్వాత కాచ్ అని వదిలేయండి. మొదటే ఒంటరిగా రాస్తే "కాచు" క్రియలా చదువుతారు, "క్యాచ్" అని రాస్తే క్రికెట్ అనుకుంటారు. ఆడేవాడిని జెట్టి అనండి, మంచి మాట, వాడుక తగ్గిపోతోంది.

మొదటి జవాబిచ్చినవారు: ఇక తోంబే. తప్పు జరిగేది ఇక్కడే. రెండు భుజాలూ చాపకి ఆని ఉండగా రిఫరీ మూడు లెక్కపెడితే అది ఒక తోంబే. చిత్తు అంటే వెల్లకిలా పడటమే కాబట్టి అర్థం దగ్గరిదే. కానీ మన కుస్తీలో చిత్తయితే పోటీ అయిపోయినట్టే. అందుకే "చిత్తుగా ఓడించాడు" అనే మాట పుట్టింది. ఆనాటి పోటీలు ఎక్కువగా "దూ మాంష్ ఎ యూన్ బెల్" పద్ధతి: రెండు మాంషులు, అంటే విడతలు, చెరొకటి గెలిస్తే మూడోది, అదే బెల్. తొలి తోంబేకే "చిత్తు చేశాడు" అని వేస్తే, పడ్డవాడు లేచి మళ్ళీ పోరాడుతుంటే చూసేవాడికి ఏమీ అర్థం కాదు. "మొదటి మాంష్‌లో చిత్తు" అని మాంష్ సంఖ్య తప్పక చేర్చండి.

బెల్‌ని అలాగే వదిలేస్తే గంట అనుకుంటారు. ఫ్రెంచిలో దాని మామూలు అర్థం అందగత్తె, ఆటలో తేల్చే మాంష్. అలాగే "తేల్చే మాంష్" అనండి. మాంష్‌కి చొక్కా చెయ్యి అని మరో అర్థం ఉంది, మాంషెత్ దానికి చుట్టమే. కాచ్‌లో మాంషెత్ అంటే ముంజేతి దెబ్బ. వ్యాఖ్యానం వేగంగా సాగేటప్పుడు ఈ రెండూ ఒకటిగా వినిపిస్తాయి. తెరమీద ముంజేయి ఎదుటివాడి ఛాతీకి తగిలిందా లేదా చూసి రాయండి.

అడిగినవారు: పువా లూర్‌కి నిఘంటువు "లారీ" అంటోంది.

మరో జవాబు: రోడ్డుమీద లారీయేనండి. బరిలో హెవీవెయిట్. "భారీకాయుడు" అంటే ఒంటి లావు చెప్పినట్టుంటుంది, బరువు తరగతి చెప్పాలి కాబట్టి హెవీవెయిటే నయం. బరి అన్నాను, గోదా అనలేదు. గోదా అంటే తవ్వి మెత్తన చేసిన మట్టి, ఇక్కడ ఎత్తైన వేదికా తాళ్ళూ ఉన్నాయి. ఆ లెక్కన "మట్టికరిపించాడు" కూడా కుదరదు. వాళ్ళు "తాపీ" అంటారు, అంటే తివాచీ. "నేలకరిపించాడు" రాయండి.

ఆడే జెట్టిల పేర్లు అనువదించాలి, లేకపోతే వేషం పోతుంది. లాంజ్ బ్లాం తెల్ల ముసుగు వేసుకున్నవాడు, "తెల్ల దేవదూత". ల బూరో ద బేత్యూన్‌ని "బేత్యూన్ తలారి" అంటే బాగుంటుంది. పల్లెల్లో తలారి గ్రామ నౌకరు, కానీ ఊరి పేరు పక్కన చేరాక ఉరితీసేవాడనే అర్థమే తోస్తుంది.

మొదటి జవాబిచ్చినవారు: సూప్లెస్ వస్తే "మెత్తదనం" అని రాయకండి. ఎదుటివాడి నడుము వాటేసుకుని, వీపు విల్లులా వంచి, తలమీదుగా వెనక్కి విసరడం అది. ఇంగ్లీషు సూప్లెక్స్‌కి మూలం ఇదే. సీజో అంటే కాళ్ళ కత్తెర. క్లే ద బ్రా అంటే చేతి తాళంచెవి కాదు, చెయ్యి మెలిపెట్టి పట్టడం. మీ వరస ఇలా ఉండవచ్చు: "ముంజేతి దెబ్బ! నడుము వాటేశాడు, వెనక్కి విసిరాడు. ఒకటి, రెండు, మూడు. రెండో మాంష్‌లో తలారి చిత్తు. చెరొకటి. ఇక తేల్చే మాంష్."