చేతిరాత లెక్కల్లో ఘాతాలు కిందకి జారిపోతున్నాయి, ఎవరైనా చెప్పండి

చేతిరాత లెక్కల్ని కంప్యూటర్‌తో గుర్తుపట్టించే సీఆర్‌ఓహెచ్‌ఎంఈ పోటీల డేటాలోని పెన్ను గీతల్ని బొమ్మలుగా మార్చి, లేటెక్ (లెక్కల్ని టైపు చేసే కోడ్) రాసిచ్చే ఎన్‌కోడర్-డీకోడర్ మోడల్ (బొమ్మని చదివి కోడ్‌ని ఒక్కో గుర్తుగా రాసే ఏఐ) ఒకటి ట్రైన్ చేశాను. అంకెలు, అక్షరాలు బాగానే పడుతున్నాయి, గొడవంతా అవి ఎక్కడున్నాయనే దాంతోనే. ఎక్స్ స్క్వేర్ రాస్తే రెండుని పైన పెట్టకుండా పక్కకి దించేస్తోంది, చిన్న భిన్నం గీతని మైనస్ అనుకుంటోంది, వర్గమూలం గీత కాస్త పొడుగ్గా లాగితే దాని కింద ఏముందో బయట ఏముందో తేల్చుకోలేకపోతోంది. ఫోన్‌తో తీసిన రూళ్ల కాగితం ఫోటో ఇస్తే ఇక చెప్పక్కర్లేదు, ప్రతి రూలూ దానికి భిన్నమే!

పెన్ను గీతలు ఏ వరుసలో పడ్డాయో ఆ సమాచారం పారేయడం వల్లేనా ఇదంతా? కానీ ఫోటోలో ఆ వరుస ఎలాగూ దొరకదు కదా. ఏ గుర్తు దేనికి పైన, కింద ఉందో చెట్టు కొమ్మల్లా రాసే ట్రీ డీకోడర్‌కి మారాలా, లేక గూగుల్ 2024లో ఇచ్చిన మ్యాథ్‌రైటింగ్ అనే చేతిరాత లెక్కల డేటా కలిపితే సరిపోతుందా? రూళ్లు ముందే చెరిపేద్దామంటే భిన్నం గీతలు కూడా పోతాయేమోనని టెన్షన్.