అప్‌డేట్: లిమిటెడ్ ఎడిషన్ గిటార్ దాచాలా, వాయించాలా? తేలిపోయింది

2019లో కొన్న లిమిటెడ్ ఎడిషన్ ఎలక్ట్రిక్ గిటార్‌కి ముందు ముందు ధర వస్తుందా, కేసులోంచి తీయకుండా దాచాలా అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"అడిగే ధర కాదు, నిజంగా అమ్ముడైన ధర చూడు" అన్న సలహాతోనే సగం తేలింది. నా మోడల్ వాడినవి కొత్తదానికన్నా తక్కువకే పోతున్నాయి. తర్వాత పాత గిటార్లు బాగుచేసే ఒకాయనకు చూపించాను. గిటార్‌తో వచ్చిన లిమిటెడ్ ఎడిషన్ సర్టిఫికెట్ వైపు ఆయన కన్నెత్తి కూడా చూడలేదు. ఆయన చెప్పిందేంటంటే, 1958-60 నాటి సన్‌బర్స్ట్ (మధ్యలో లేత, అంచుల్లో ముదురు రంగు) లెస్ పాల్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్లు అప్పట్లో సరిగా అమ్ముడుపోక గిబ్సన్ కంపెనీ వాటిని ఆపేసిందట. తర్వాత పెద్ద పెద్ద గిటారిస్టులు వాటినే పట్టుకున్నాక గిరాకీ వచ్చింది. తయారైనవే తక్కువ, దాచుకున్నవాళ్లు ఇంకా తక్కువ. ఇప్పుడేమో నాలాగే అందరూ దాస్తున్నారు, ఇక అరుదెలా అవుతుంది?

పైగా కేసులోనే పడుండి బ్రిడ్జి (తీగలు ఆనే భాగం) స్క్రూలకు తుప్పు, నెక్‌కి కాస్త వంపు. నెక్ లోపలుండే లోహపు కడ్డీ, అదే ట్రస్ రాడ్, పావు చుట్టు తిప్పితే నెక్ సరిపోయింది. లిమిటెడ్ ఎడిషన్ సీరియల్ నంబర్ గురించి నేను పడ్డ టెన్షనంతా దండగే.

పిక్‌గార్డ్ (గిటార్ బాడీకి గీతలు పడకుండా ఉండే పలక) మీద కొన్నప్పటి నుంచీ ఉన్న ప్లాస్టిక్ పొర నిన్న చర్రున పీకేశాను. కొత్త స్ట్రింగ్స్ కూడా వేశాను.