మాహర్ కప్: 1955 తర్వాతి మ్యాచ్‌ల స్కోర్లు ఎక్కడ దొరుకుతాయి?

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ పల్లెటూళ్ల రగ్బీ లీగ్ పోటీ మాహర్ కప్ మీద మ్యాచ్‌ల పట్టిక ఒకటి తయారు చేస్తున్నాను. అక్కడి టూముట్ అనే ఊళ్లో హోటల్ నడిపిన టెడ్ మాహర్ ఇచ్చిన కప్పు ఇది. 1920లో మొదలైంది (రగ్బీలో యూనియన్, లీగ్ అని రెండు రకాలు; మొదట ఆడింది యూనియన్, లీగ్ తర్వాత వచ్చింది), 1971 దాకా సాగింది. పాయింట్ల పట్టిక లాంటిదేమీ లేదు. కప్పు ఏ ఊరి దగ్గరుంటే సవాలు చేసిన జట్టు ఆ ఊరికే వెళ్లి ఆడాలి. అందుకే ఒక్క ఫలితం దొరక్కపోయినా గొలుసు తెగిపోతుంది. నా టెన్షన్ అంతా అదే.

1954 వరకు బాగానే నడిచింది. ట్రోవ్‌లో (ఆస్ట్రేలియా జాతీయ లైబ్రరీ వాళ్ల వెబ్‌సైట్, పాత పత్రికలు స్కాన్ చేసి పెట్టారు) గుండగై, కూటమండ్రా, టూముట్ ఊళ్ల పత్రికలు తిరగేసి రాసుకున్నాను. కానీ అక్కడ చాలా పత్రికలు ఆ ఏడాదితోనే ఆగిపోతాయి. ఆ తర్వాతి ఏళ్లకు కాన్‌బెర్రా టైమ్స్ వెతికితే అక్కడొకటి ఇక్కడొకటి తప్ప వరుసగా రాలేదు. జట్ల పేర్లతో, ఊళ్ల పేర్లతో, 'మాహర్' స్పెల్లింగ్ నాలుగు రకాలుగా మార్చి కూడా చూశాను. అక్కడి ఒక లైబ్రరీకి రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. నేనుండేది హైదరాబాద్‌లో, వెళ్లి మైక్రోఫిల్మ్ చూసే వీలు లేదు.

నాకు కావలసింది తేదీ, రెండు జట్లు, స్కోరు, అంతే. ఆటగాళ్ల వివరాలు అక్కర్లేదు.

సిడ్నీ, కాన్‌బెర్రా, వాగా వైపు ఉండేవాళ్లు ఎవరైనా చెప్పండి: 1955 నుంచి 1971 వరకు ఈ ఫలితాలు వరుసగా దొరికే చోటు, ఇంటి నుంచే చూడగలిగేది, ఏదైనా ఉందా?