మహేంద్రగిరికి ఒక్క రోజు సరిపోతుందా?

ప్రశ్న: శ్రీకాకుళం నుండి తెల్లవారుజామున బయలుదేరి, 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరిని చూసి రాత్రికి ఇల్లు చేరాలనుకుంటున్నాము. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు, పదేళ్ల అబ్బాయి వెంట ఉంటారు. ఇది సాధ్యమేనా?

మొదటి సమాధానం: కొండ ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్నందున, మన వైపు నుండి పర్లాకిమిడి మీదుగా వెళ్లడం అనుకూలం. పైన భీముడు, కుంతి, ధర్మరాజు పేర్లతో పిలిచే రాతి గుడులున్నాయి. పెద్ద పెద్ద బండలను పేర్చి కట్టిన భీముని గుడి దగ్గర కాసేపు కూర్చోకుండా రాకండి. శివరాత్రి రద్దీలో మాత్రం పిల్లలతో వెళ్లవద్దు. మేము కార్తికంలో వెళ్లినప్పుడు మంచు ఎంతగా కమ్మిందంటే, ముందు నడుస్తున్న మా బావగారి ఎర్ర తువ్వాలు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

రెండవ సమాధానం: నాన్నగారిని అంత దూరం తిప్పడం నాకు సబబుగా తోచడం లేదండి. వంశధార ఒడ్డునున్న శాలిహుండం కొండ ఎత్తు తక్కువ; బౌద్ధ స్తూపాల మధ్య తీరికగా నడిచి, పైనుండి నదిని చూసి, సాయంత్రానికి కళింగపట్నం సముద్రతీరానికి చేరవచ్చు.

ప్రశ్న అడిగినవారు: ఈ ఆదివారం అందరమూ శాలిహుండమే వెళతాము. మహేంద్రగిరికి తర్వాత నేనూ అబ్బాయీ వెళ్తాము.