మెస్సీని చూడ్డానికి ఉప్పల్ దాకా పోవడం డబ్బు దండగ అవునా, కాదా?

తోతాపురి (చిత్తూరు)
సూటిగా అడుగుతున్నా. 2025 డిసెంబర్ 13న మా బావమరిది వెంకటాద్రి ఎక్కి హైదరాబాద్ పోయి, ఉప్పల్ స్టేడియంలో మెస్సీని చూసి వచ్చాడు. టికెట్టు, రైలు, తిండి అన్నీ కలిపితే మా ఇంటి రెండు నెలల అద్దె. ఏం చూశావురా అంటే, పిల్లలతో పాసులు ఆడాడు, గ్యాలరీలోకి బంతులు తన్నాడు, చెయ్యి ఊపాడు అంటాడు. అంతే, మ్యాచ్ ఆడలేదు. అదే రోజు పొద్దున కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఇంకా ఘోరం. చుట్టూ వీఐపీలు మూగితే టికెట్ కొన్నవాళ్ళకు మనిషే కనపడలేదు. ఆయన ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయేసరికి జనం కుర్చీలు పీకి విసిరారు.

2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్, మెస్సీ ఆడింది, నేను ఇంట్లో టీవీలో చూశా. 3-3, తర్వాత పెనాల్టీలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఖర్చు సున్నా. ఆట లేని ఆటగాణ్ణి చూడ్డానికి అంత డబ్బు పొయ్యాలా?

అలిపిరి మెట్టు (తిరుపతి)
ఆ లెక్కన కొండమీద మనం చేసేదేందన్నా? పన్నెండు గంటలు కంపార్ట్‌మెంట్లో కూర్చుంటాం. తీరా లోపలికి పోతే "జరగండి, జరగండి" అని తోసేస్తారు. దక్కేది రెండు సెకన్లు. క్యాలెండర్‌లో స్వామి ఇంకా బాగా కనిపిస్తాడు. అయినా క్యాలెండర్ చూసి ఊరుకుంటామా?

తోతాపురి
దేవుణ్ణి తెస్తే ఇంక వాదించేదేముంది? అయినా సర్వదర్శనానికి టికెట్ లేదు సామీ.

అలిపిరి మెట్టు
మూడొందల టికెట్ సంగతో?

నెహ్రూ స్టేడియం బ్యాచ్
నా అనుభవం చెప్తా, ఎవరి పక్షమో మీరే తేల్చుకోండి. మాది కూడా చిత్తూరే. మనకు హైదరాబాద్ కన్నా చెన్నై దగ్గర కదా. 2015లో చెన్నైయిన్ జట్టు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) మ్యాచ్‌లకు మేం ఐదుగురం కారు మాట్లాడుకుని పోయేవాళ్ళం. కోచ్ మార్కో మాటెరాజీ. 2006 వరల్డ్ కప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో గుద్దిన ఛాతీ ఈయనదే. సగం మ్యాచ్ నేను బంతిని చూడలేదు, గీత పక్కన నిలబడిన ఆయన్నే చూశా. టీవీలో అది కుదరదు, కెమెరా బంతి వెంటే పోతుంది.

మ్యాచ్ అయ్యాక టీమ్ బస్సు దగ్గర గంటసేపు కాచుకున్నాం. అద్దం వెనక పచ్చబొట్లున్న చెయ్యి ఒకటి కనిపించింది, బస్సు కదిలిపోయింది. అది ఆయన చెయ్యేనా, ఇంకెవరిదైనానా అని మా ఐదుగురిలో పదేళ్ళుగా గొడవ. ఇద్దరు అవునంటారు, ఇద్దరు కాదంటారు. నేను మనిషిని బట్టి మాట మారుస్తుంటా.

సెమీఫైనల్‌కు కూడా బండి మాట్లాడాం. ఇంతలో చెన్నైకి వరదలొచ్చి, మనవాళ్ళ సొంత మ్యాచ్ పుణె వెళ్ళిపోయింది. 3-0తో గెలిచారు. ఫైనల్ గోవాలో, చివరి నిమిషాల్లో రెండు గోల్స్ పడి 3-2తో కప్పు. రెండూ టీవీలోనే చూశా. ఆ గోల్స్ ఎవరివని అడిగితే నేను తడుముకోవాలి. బస్సు అద్దం మాత్రం ఇప్పటికీ కళ్ళముందుంది.

వికెట్ కీపర్
ఉప్పల్ అంటే క్రికెట్ కదబ్బా, మధ్యలో ఈ గోలేంది?

రిటైర్డ్ పీడీ (తిరుపతి)
నాయనలారా, 1977లో నేను ఎస్వీ యూనివర్సిటీలో చదువుతున్నా. ఆ సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న అమెరికా జట్టు కాస్మోస్‌తో కోల్‌కతా జట్టు మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసింది. మర్నాడు పేపర్ కోసం హాస్టల్లో కొట్లాట. అందరూ పీలే, పీలే అన్నారు. ఆ మ్యాచ్‌లో బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ మన హైదరాబాద్ వాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఉద్యోగంలో చేరాక పిల్లల్ని తీసుకుని టోర్నమెంట్లకు ఎన్నిసార్లు హైదరాబాద్ పోయానో లెక్కలేదు. హబీబ్ ఆ ఊళ్ళోనే ఉండేవారు. అడ్రస్ కనుక్కుని తలుపు తడితే ఆటో ఛార్జీ తప్ప ఖర్చేముంది? వచ్చేసారి చూద్దాంలే అనుకుంటూనే గడిపేశా. 2023 ఆగస్టు 15న ఆయన పోయారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో కొట్టి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టుకు కోచ్ రహీం సాబ్. ఆయనదీ ఆ ఊరే. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? తోతాపురీ, మీ బావమరిదిని నేను తిట్టలేను. నేను చెయ్యలేని పని వాడు చేశాడు.

ఆక్లండ్ అల్లుడు
మాది మదనపల్లె (ఇప్పుడు ఏ జిల్లా అని అడగొద్దు). ఇక్కడ న్యూజిలాండ్‌లో రగ్బీ అంటే మనకు క్రికెట్ లెక్క. ఇక్కడి ఆటగాడు జోనా లోము పేరు విన్నారా? 1995 వరల్డ్ కప్ సెమీస్‌లో ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు చేశాడు. ట్రై అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించడం. అడ్డొచ్చిన మైక్ క్యాట్‌ను పక్కకు తప్పుకుని పోలేదు, మీదనుంచే తొక్కుకుంటూ పోయాడు. ఆ ఏడాది చివర్లోనే కిడ్నీ జబ్బని తేలింది. తర్వాత డయాలసిస్, 2004లో కిడ్నీ మార్పిడి.

మా నాన్నకు తిరుపతిలో వారానికి మూడుసార్లు డయాలసిస్ జరిగేది. మెషిన్ పక్కన కూర్చున్నప్పుడు తమ్ముడు ఫోన్లో లోము వీడియోలు పెట్టేవాడు. రగ్బీ ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "వీడికీ నా జబ్బేనా?" అని మళ్ళీ పెట్టించుకునేవాడు నాన్న.

లోము 2015 నవంబర్‌లో చనిపోయాడు. ఇక్కడి ఈడెన్ పార్క్ స్టేడియంలో వీడ్కోలు సభకు సెలవు పెట్టి వెళ్ళా. శవపేటిక ముందు పాత ఆటగాళ్ళు హాకా (ఇక్కడి మావోరీ తెగవాళ్ళ వీరనృత్యం) చేశారు. అక్కడ ఆటా లేదు, ఆటగాడూ లేడు. ఒకరోజు జీతం పోయింది. అదీ దండగేనా?

తోతాపురి
ఆ పేరు ఇప్పుడే విన్నా, వీడియో చూశా. కనుమ పండక్కి రంగంపేటలో కొమ్ములకు కట్టిన పలక లాక్కోబోయినోణ్ణి కోడెగిత్త ఈడ్చుకుపోయినట్టే ఉంది! కానీ అన్నా, మీరు వెళ్ళింది పోయిన మనిషికి మర్యాద చెయ్యడానికి. సార్ చెప్పింది మన ఊరి పెద్దమనిషి గురించి. ఇక్కడ మావాడు డబ్బు కట్టింది చెయ్యి ఊపించుకోవడానికి. నా మాట మీదే నేనున్నా.

ఎడమకాలు10
ఆ బావమరిదిని నేనే. పైనుంచి చూస్తే బొటనవేలంత కనిపించాడు, నిజమే. అయినా స్క్రీన్ చూడకుండానే ఆ తల వంచుకున్న నడక బట్టి గుర్తుపట్టా. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న నడక. అది చాలు నాకు.

ఇంక అసలు విషయం కూడా జనానికి చెప్పు బావా. ఆ టికెట్ నీ దగ్గర చేబదులు తీసుకుని కొన్నా. ఉగాదికి ఇచ్చేస్తానన్నాగా, దానికి ఇంత చర్చ ఎందుకు?

తోతాపురి
ఏ ఉగాదికి?