అంటార్కిటికాలో ‘ఒయాసిస్’: మరూద్యానమా, మంచు లంకా?

ప్రశ్న: అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రి 1989 నుంచీ ఉన్న చోటు షిర్మాకర్ ఒయాసిస్. దీన్ని ‘షిర్మాకర్ మరూద్యానం’ అనొచ్చా? చెట్టూ చేమా లేనిచోట ఉద్యానం అనడానికి నోరు రావడం లేదు.

— మాటలో సగం ఒప్పేనండీ. అంటార్కిటికాలో వానా మంచూ కురిసేది బహు తక్కువ, అది నిజంగా ఎడారే. కాబట్టి ‘మరు’తో పేచీ లేదు. ‘ఉద్యానం’ దగ్గరే చిక్కు. అక్కడ పెరిగేవి నాచు, పాచి, మన మసాలాలో వేసే రాతిపువ్వుకు చుట్టాలైన లైకెన్లు. ఈ షిర్మాకర్ పొడవు సుమారు 25 కిలోమీటర్లు, వెడల్పు మహా అయితే 3. అంత చోటులో వందకు పైగా చెరువులు! దక్షిణాన వోల్తాట్ కొండలు మంచు ప్రవాహాన్ని చాలావరకు నిలేస్తాయి. పీఠభూమి మీంచి దిగే గాలి, పడ్డ మంచును ఊడ్చేస్తుంది. బయటపడ్డ నల్లని రాయి ఎండను పీల్చి మిగిలినదాన్ని కరిగిస్తుంది. అంటే ఇక్కడ ఒయాసిస్‌కు గుర్తు పచ్చదనం కాదు, గడ్డకట్టని నీరు.

— అయితే ‘మంచు లంక’ అందామా? గోదారి లంకకు చుట్టూ నీళ్లు, దీనికి చుట్టూ మంచు.

— చెవికి ఇంపుగానే ఉంది, అర్థానికి నప్పదు. లంక ఒండ్రు పేరుకుని లేస్తుంది, వరదొస్తే కోసుకుపోతుంది. ఇది నైస్ అనే గట్టి రాయి. పైగా దీని చుట్టూ ఉన్నది ఒకే రకం మంచు కాదు: దక్షిణాన నేల మీద కూర్చున్నది, ఉత్తరాన సముద్రం మీద తేలేది. అందుకే ఆ ఉత్తరపు అంచున, మంచు కింది సముద్రంతో కలిసిన కొన్ని చెరువుల్లో పైనీళ్లు మంచినీళ్లే అయినా, మట్టం ఆటుపోట్లతో లేచి దిగుతుంది.

‘మంచు తిప్ప’ అనే మాటను నునాటక్‌కు దాచుకుందాం. గ్రీన్‌లాండ్ భాష నుంచి వచ్చిన ఆ మాటకు మంచులోంచి పొడుచుకొచ్చిన శిఖరమని అర్థం. రెండింటికీ ఒకే పేరు పెడితే పటం చూసేవాడు పల్లపు నేలనూ కొండకొమ్మునూ కలిపేసుకుంటాడు.

— పైన రెండుచోట్ల ‘చెరువు’ అన్నారు. కట్ట వేసినదే చెరువు కదండీ!

— నిజమే, సరస్సు అనాలి. మైత్రి ముందున్న ప్రియదర్శిని సరస్సు చలికాలం పైన గడ్డకట్టినా అడుగున నీళ్లుంటాయి, కేంద్రానికి తాగునీళ్లు అక్కడివే. ఇక ‘ఒయాసిస్’ను పేరులో అలాగే ఉంచి, తొలిసారి వచ్చినచోట ‘మంచు కప్పని రాతినేల’ అని పక్కన రాస్తే చాలు.